తిరగమాత పడని ఇంటికి

నేను దర్జీని. నెల్లూరు చిన్నబజారులో నా మిషను ముందు కూర్చుంటే లోకం నా దగ్గరికి వస్తుంది గానీ, నేను లోకం దగ్గరికి పోయే రకాన్ని కాదు. అలాంటివాణ్ణి ఈ ఎండాకాలం సముద్రం వెంబడి పోయే కాలవలో పడవెక్కి జువ్వలదిన్నె దాకా పోయి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ గుడ్డలివ్వడానికొచ్చిన ప్రతివాడూ రెండడుగులు దూరంగా నిలబడి, "అక్కడెట్లా ఉందంట?" అని అడుగుతున్నాడు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే రాసి పడేస్తున్నాను, చదువుకోండి.

రంగూన్ నుంచి మనవాళ్లు ఉన్నదంతా వదిలేసి ఓడల్లో తిరిగొస్తున్న రోజులు కదా ఇవి. వాళ్లతోపాటు మశూచి కూడా సముద్రం దాటి వచ్చిందని ఊరంతా ఒకటే మాట. హోటల్లో కారం దోశ తింటున్నవాడు అదే మాట్లాడతాడు, మంగలి అదే మాట్లాడతాడు. మా సాయిబుల ఇళ్లలో అమ్మవారికి మొక్కులూ జాతరలూ లేకపోయినా, ఆ జబ్బు పేరు మాత్రం మేమూ నోటితో ఎత్తం. మా అమ్మ బతికున్నన్నాళ్లూ "అమ్మ చూసింది" అనే అనేది. నేనూ అంతే.

ఎండుచేపలమ్మే నాగూరమ్మ, సముద్రం ఒడ్డున మా అక్క ఉండే జువ్వలదిన్నె మనిషి. ఒకరోజు గంప మా అంగడి గుమ్మం ముందు కాకుండా రోడ్డుకి అవతల దించింది. అక్కణ్ణుంచే చెప్పింది.

"మస్తానన్నా, చెప్పొచ్చో చెప్పకూడదో. మీ అక్కోళ్ల ఇంట్లో తిరగమాత వాసన లేదన్నా. వారం దాటిపోయింది."

ఉత్తరాది జిల్లాలవాళ్లు తాలింపు అంటారు, మాకది తిరగమాత. ఆవాలూ ఎండుమిరపకాయలూ నూనెలో చిటపటలాడించి పులుసులో వేస్తే వీధి చివరకు తెలుస్తుంది. అమ్మ చూసిన ఇంట్లో ఆ పని చెయ్యరు. నూనె కాగిన వాసన తగిలితే పొక్కులు మండిపోతాయనీ, అమ్మకు కోపం వస్తుందనీ భయం. గుమ్మానికి వేపమండ కట్టకపోయినా సరే, తిరగమాత లేని ఇల్లంటే చాలు, ఇక అడగాల్సిన పనిలేదు.

మా అక్క హుసేన్‌బీ నన్ను ఎత్తుకు పెంచింది. మా బావ ఖాదర్ రంగూన్‌లో బియ్యపు మిల్లులో ఏళ్లతరబడి పనిచేసి, ఈమధ్యనే ఓడ దిగి ఇల్లు చేరాడు. రంగూన్ మనిషి, తిరగమాత లేని ఇల్లు. ఆ రెండూ కలిపి చూసుకునేసరికి కత్తెర పక్కన పడేసి లేచాను. మా ఇంటావిడ సంచి సర్దుతూ నూనె సీసా ఒకటి పెట్టింది. "అమ్మ ఉన్న ఇంటికి నూనె పట్టుకుపోతారా ఎవరైనా? బుద్ధుందా?" అని కసిరి దాన్ని నేనే తీసి బయట పెట్టాను. రాగిపిండి, బెల్లం, పెసరపప్పు, దొడ్లో వేపాకు మూటగట్టుకున్నాను. చూడండి నా తెలివి. ఆ సీసా సంగతి మళ్లీ చెబుతాను.

కృష్ణపట్నంలో కొబ్బరిచిప్ప

పడవ కోసం ముందు కృష్ణపట్నం చేరాను. పేరుకే రేవు. ఉప్పు కుప్పలు, పనిలేని పడవలు, కళ్లు మూసుకుపోయేంత ఎండ. టీ అంగడివాడు ఊళ్లోవాళ్లకు గాజు గ్లాసులో పోస్తున్నాడు, నాకు మాత్రం కొబ్బరిచిప్పలో పోశాడు.

"నెల్లూరు నీకు పై ఊరయిందా?" అన్నాను.

"ఈ రోజుల్లో పక్క వీధి కూడా పై ఊరే సాయిబూ" అన్నాడు, తొణకకుండా. తీసుకున్న డబ్బులు మాత్రం గ్లాసు డబ్బులే. నయాపైసలొచ్చి ఇన్నేళ్లయినా వాడింకా అణాల్లోనే లెక్క చెప్పాడు. టీ బాగుందని ఒప్పుకోక తప్పదు.

పడవ సుబ్బయ్యది. జువ్వలదిన్నె నుంచి సరుగుడు కట్టెలు మద్రాసుకు తోలతాడు, తిరిగి ఊరికి పోయేటప్పుడు ఖాళీ పడవే. తెరచాప ఎత్తాడు, దక్షిణం గాలి అందుకుంది. ఎందుకు పోతున్నావంటే అక్కను చూడ్డానికన్నాను. ఏమైందంటే ఏమీ కాలేదన్నాను. నాకు మనసు బాగా లేకపోతే కుడికాలు దానంతటదే మిషను తొక్కుతుంది. పడవ చెక్క మీద అదే పని చేస్తోంది.

"ఏంది సాయిబూ, పడవను కుట్టేస్తుండావా?" అన్నాడు సుబ్బయ్య.

నాతోపాటు ఆత్మకూరు వైపు రైతు వెంకటస్వామి ఒకడు ఎక్కాడు, విడవలూరు దగ్గర ఎద్దులు చూడ్డానికి. ఆయన దారిపొడుగునా సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, ఆ జబ్బు గాలి మీద వస్తుందనీ, మొహం అటు పెడితే ముక్కులో దూరుతుందనీ చెప్పాడు. మరి వీపుకు తగిలితే ఏం కాదా అన్నాను. "వీపుకి చొక్కా ఉండాది గదయ్యా" అన్నాడు. దర్జీగా నాకు సంతోషమే గానీ, నవ్వు రాలేదు.

కాలవ పడవ నడక చూస్తే పిచ్చెక్కుతుంది. గాలి పడిపోతే తాడు కట్టి గట్టు మీద మనుషులు లాగుతారు. గట్టు మీద ఆవు మేసుకుంటూ కూడా మమ్మల్ని దాటిపోయింది. నేనుండలేక దిగి, గట్టెమ్మట ముందుకు నడిచి, సరుగుడు చెట్ల కింద పడవ కోసం కాచుకుని, మళ్లీ ఎక్కాను. అలా ఎన్నిసార్లు దిగానో, ఎక్కానో. నడిచినా కూర్చున్నా అక్క మొహమే కనబడుతోంది, దాని మీద పొక్కులు నేనే ఊహించుకుంటున్నాను.

పెన్న దాటేచోట

పెన్నలో నీళ్లు సన్నగిల్లి పడవ ఇసుకకు తట్టుకుంది. అందరం దిగి తోశాం. దాటబోయేముందు, కాలవకు అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు. గట్టు మీద కర్ర పట్టుకుని ఒకాయన.

"రంగూనోళ్లుండారా లోపల?"

"ఒక దర్జీ, ఒక రైతు, నేను. కావాలంటే ఎక్కి చూసుకో" అన్నాడు సుబ్బయ్య.

ఆయన పసుపునీళ్లు మా మీద చల్లి, కర్రతో తాడెత్తి పోనిచ్చాడు. ఏరు దాటి అవతలి ఒడ్డు చేరితే అక్కడా ఇంకో తాడు, ఇంకో కర్ర. ఈ ఒడ్డు వాళ్లకు ఆ ఒడ్డంటే భయం, ఆ ఒడ్డు వాళ్లకు ఈ ఒడ్డంటే భయం. రంగూన్‌కీ మనకీ మధ్య ఉన్న సముద్రమే సరిహద్దని నేనింతకాలం అనుకున్నాను. మళ్లీ పసుపునీళ్లు పడ్డాయి. నా తెల్ల చొక్కా పెళ్లికొడుకు బట్టలా తయారయింది.

విడవలూరు వైపు, చొక్కా విప్పిన కథ

విడవలూరు దగ్గర వెంకటస్వామి దిగాలి, మాకు తిండి కావాలి. అక్కడ టీకా మచ్చ చూపించందే గట్టెక్కనివ్వరు. వెంకటస్వామిది వదులు చేతుల చొక్కా, చటుక్కున పైకి లాగి మచ్చ చూపించి వెళ్లిపోయాడు. నా చొక్కా చేతులు, ఈమధ్య కుర్రాళ్లు కుట్టించుకునే బిగుతు రకం. నేనే కుట్టుకున్నాను, నా పనితనం నలుగురికీ తెలియాలని. మోచెయ్యి దాటి పైకి మడిస్తే ఒట్టు. ఇంత బిగుతుగా ఎవడు కుట్టాడని గట్టు మీది పెద్దమ్మ ఒకటే తిట్టడం. నేనే అని ఎలా చెప్పను? పదిమంది ఆడవాళ్ల ముందు చొక్కా విప్పి, చిన్నప్పటి మచ్చలు చూపించాను. సుబ్బయ్య పడవలో పొర్లి పొర్లి నవ్వాడు.

ఆ పెద్దమ్మే తర్వాత సంకటి ముద్ద, మామిడికాయ వేసిన చేపల పులుసు ఆకులో పెట్టి, గట్టు మీద ఉంచి వెనక్కి జరిగింది. మేం తీసుకున్నాక చిల్లర పసుపునీళ్ల ముంతలో వెయ్యమంది. మా ఊళ్లో చింతపండు ఎక్కువ పోస్తాం, ఇక్కడ పులుపంతా మామిడికాయదే. రుచి గొప్పది. పైన తేలుతున్న ఆవాలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమబ్బయ్యా, తిన్లేదే? ఉప్పెక్కువైందా?" అంది దూరం నుంచి.

"మా అక్క ఇంట్లో తిరగమాత వెయ్యడంలేదంట" అన్నాను. ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట, ఎందుకు జారిందో.

ఆమె "తల్లి చల్లగా చూడాల" అని, ఇంకో ముద్ద ఆకులో పెట్టి, ఈసారి కొంచెం దగ్గరగా వచ్చి ఉంచి పోయింది. సుబ్బయ్య నవ్వడం మానేశాడు.

జువ్వలదిన్నె

సుబ్బయ్య కట్టెలు ఎక్కించుకోవడానికి కాలవలోనే ఆగాడు. నేను ఇసుకలో పడి నడిచాను. చెప్పులు చేతబట్టుకుంటే కాళ్లు కాలుతున్నాయి, వేసుకుంటే ఇసుక దూరుతోంది. వలలు ఆరేసి ఉన్నాయి, మనుషులు మాత్రం నన్ను చూసి ఇళ్లలోకి తప్పుకున్నారు. దూరం నుంచి ఒక ముసలాయన చెప్పాడు.

"హుసేన్‌బీ ఇంటికా? దురాయి వేసినారు నాయనా."

దురాయంటే పట్టపు పెద్దలు, అంటే చేపలు పట్టేవాళ్ల కులపెద్దలు, కూర్చుని వేసే కట్టుబాటు. అది పడితే ఆ ఇంటికి ఎవరూ నిప్పివ్వరు, నీళ్లివ్వరు, అంగడిలో సరుకివ్వరు. దాన్ని దాటి పోలీసుకు చెప్పుకున్నా లాభం లేదు.

అక్క ఇంటి ముందుకు పోతే వేప తోరణం లేదు. పక్కింట్లోంచి మాత్రం చేపల వేపుడు వాసన ముక్కు బద్దలయ్యేలా వస్తోంది. నేను వాకిట్లో నిలబడి దగ్గాను.

"ఎవురు?" అంటూ బయటికొచ్చింది అక్క. చేతిలో చీపురు. మొహం మీద చెమట తప్ప ఇంకేమీ లేదు. వెనకాల బావ, చిక్కిపోయి, తెల్లబడి, కానీ నిలబడే ఉన్నాడు.

నేనక్కడే వాకిట్లో కూలబడి ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సంగతి ఏమంటే, ఓడలో తిండి సరిపడక బావకు కడుపులో పుండు పడింది. మద్రాసులో డాక్టరు కొన్నాళ్లు నూనె, కారం ముట్టొద్దన్నాడు.

"ఆయన గంజి తాగుతుంటే ఆయన ముందర నేను ఘుమఘుమలాడించుకోని తినేదా?" అంది అక్క. "నేనూ మానేసినా. ఆయనకి నయమైనాక నూనె తెమ్మని చెట్టి అంగడికి పోతే ఇయ్యనన్నాడు. దురాయంట. ఎందుకయ్యా అంటే, మీ ఇంట్లో తిరగమాత లేదు గదా అంటాడు. నూనె ఇస్తే గదా నేను తిరగమాత వేసేది? నూనె లేందే వెయ్యలేను, వెయ్యందే నూనె ఇయ్యరు. ఇంకేం చెయ్యను, చెప్పు."

"వచ్చి చూసుకోమనకపోయావా?"

"రమ్మంటే రారురా. గుమ్మంలోకొస్తే అంటుకుంటదంట."

ఇసుకలో వాళ్లే గుంట తవ్వుకుని ఊటనీళ్లు తాగుతున్నారు. ఉప్పూ బియ్యమూ అయిపోవచ్చాయి. ఊరు విడిచి పోదామంటే వాళ్లిద్దరినీ ఆపడానికి పొలిమేరలో మనుషులు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే వాళ్లను చంపేది అమ్మవారు కాదు, ఆకలే. అక్క నా సంచి అందుకుని ఆశగా విప్పింది. రాగిపిండి తీసింది, బెల్లం తీసింది, పెసరపప్పు తీసింది. అడుగున వేపాకు. చేత్తో పట్టుకుని నావైపు చూసింది.

"నువ్వు కూడానా, తమ్ముడా" అంది.

నెల్లూరులో మా గూట్లో కూర్చుని ఉన్న నూనె సీసా నా కళ్ల ముందు కదిలింది. నన్ను నేనే తన్నుకోవాలనిపించింది.

నూనె కోసం

చెట్టి అంగడికి పోయాను. వాడు తలుపు సందులోంచి, "దురాయుండాది నాయనా, నన్ను కూడా కలిపేస్తారు" అన్నాడు. డబ్బు రెట్టింపు ఇస్తానన్నాను. సందు కూడా మూసేశాడు. కోపంతో కాలవ దాకా ఒకే పరుగు.

సుబ్బయ్యకు ఊపిరాడకుండా అంతా చెప్పాను. వాడు కట్టెల మీంచి దిగి, పడవలో తన వంట సామాను మూలకు పోయాడు. సగం సీసా నూనె, పొట్లంలో ఆవాలు, గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చాడు. పద్ధతి ప్రకారం గట్టు మీద పెట్టి వెనక్కి తగ్గుతాడనుకున్నాను. చేతికే ఇచ్చాడు.

"మరి నీకు కూర?" అన్నాను.

"ఒక పూట నేను కూడా మానేస్తాలే. నా పడవకు దురాయి వేసేదెవురు?" అన్నాడు.

పొద్దు వాలుతుండగా అక్క పొయ్యి వాకిట్లోకి మార్చింది. పెసరపప్పు చారు కాచి, నూనె మూకుడులో పోసి కాగనిచ్చింది. ఆవాలు పడ్డాయి. అవి చిట్లుతుంటే, మిరపకాయల ఘాటుకు ముగ్గురం దగ్గుతూ నిలబడ్డాం. వీధిలో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. ఎవరూ దగ్గరికి రాలేదు. ముసలాయన మాత్రం కర్ర ఆనించుకుని, గాలి గట్టిగా పీల్చి, "హుసేన్‌బీ ఇంట్లో తిరగమాత పడిందిరోయ్" అని అటువైపు తిరిగి చెప్పాడు. కాసేపటికి చెట్టి మనిషి ఉప్పు, బియ్యం వాకిట్లో దించిపోయాడు, అడక్కుండానే. నాకు వాణ్ణి తిట్టాలని ఎంత ఉందో. అక్క తిట్టనివ్వలేదు.

తడిక దగ్గర

మేం తినడానికి కూర్చున్నాం. పెరటి తడిక కదిలింది. పక్కింటి బంగారమ్మ. పొద్దున్నుంచీ వేపుడు వాసనొస్తున్న ఇల్లు ఆమెదే. దురాయి వెయ్యాలని పెద్దల దగ్గర మొదట నోరెత్తింది ఆమె మొగుడేనని అక్క అప్పటికే నాకు చెప్పి ఉంది. ఆమె తడిక మీద చేతులు పెట్టి, మమ్మల్ని చూడకుండా నేల చూస్తూ అడిగింది.

"అక్కా, తిరగమాత వెయ్యని చారు ఏమన్నా తీసిపెట్టుండావా?"

మా చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. ఆ ఊళ్లో, మా ఊళ్లో, ఎవరైనా సరే ఆ మాట వింటే ఒక్కటే అర్థం.

"ఎవురికి?" అంది అక్క, మెల్లగా.

"పిల్లకి." బంగారమ్మ ఏడుపు ఆపుకోవడానికి చెంగు నోట్లో కుక్కుకుంది. "అయిదో రోజక్కా. ఊళ్లోవాళ్లకి తెలీకూడదని ఆయన పొద్దుగూకులూ వేపుడు చెయ్యమంటాడు. నేను నూనె పెట్టినప్పుడంతా అది లోపల మంట మంటని ఏడస్తుండాది. నా చేత్తో నేనే కాల్చినట్టుండాదక్కా."

నేను దిగ్గున లేచాను. వీధిలోకి పోయి ఊరంతా వినేలా అరవాలనుకున్నాను. మా బావ ఏ పాపం చేశాడని వీళ్లు ఇసుక నీళ్లు తాగాలి? రంగూన్, రంగూన్ అని అరిచినవాడి ఇంట్లోనే ఉంది కదా! అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"దానికీ నాకు చేసినట్టే చేస్తారు. పిల్ల ఏం చేసిందిరా?"

బావ అప్పటికే చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. దండచేతి మీద టీకా పుండు అప్పుడప్పుడే మానుతోంది. ఓడ ఎక్కేముందు రంగూన్ రేవులో పొడిచారట.

"ఈ ఊళ్లో ఆ పిల్ల పక్కన బెదురు లేకుండా కూర్చోగలిగినోణ్ణి నేనొక్కణ్ణే మస్తానూ" అన్నాడు. అక్క ముందుజాగ్రత్తగా ఆయనకని పక్కన తీసిపెట్టిన చప్పిడి చారు, అన్నం, నేను తెచ్చిన వేపాకు పట్టుకుని తడిక దాటి పోయాడు. బంగారమ్మ దారిచ్చి పక్కకు నిలబడి, ఆయన కాళ్లవైపు వంగబోయింది. ఆయన వద్దన్నాడు.

అక్క లేచి పొయ్యి రాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి, తడికకు ఆనించి మళ్లీ పేర్చడం మొదలుపెట్టింది, గాలి వీధివైపు పోయేచోట చూసుకుని.

"బంగారమ్మా, రేపట్నుంచి నువ్వు మూకుడు పెట్టబాక" అంది. "మూడు పూటలూ నేనిక్కడేస్తా. బయటోడి ముక్కుకు రెండిళ్ల వాసనా ఒకటే."

కావలి మీదుగా ఇంటికి

నాకు నిద్ర లేదు. తెల్లారగానే కావలి పోయి టీకాలు వేసేవాళ్లను కలిసి, విషయం దాచకుండా చెప్పాను. అక్క పెట్టిన షరతు ఒక్కటే: టీకాలవాళ్లకు చెప్పు, పెద్దలకు చెప్పబాక. ఆ టీకాలవాళ్లు మంచివాళ్లు. నాతో ఊళ్లోకి వచ్చి, ఏ ఇల్లని పేరెత్తకుండా ఆ వీధి మొదటినుంచి చివరిదాకా అందరికీ పొడిచారు. నాకూ మళ్లీ పొడిచారు. ఈసారి చొక్కా ముందే విప్పుకుని కూర్చున్నాను. జనం మొదట పారిపోయారు. అయితే బంగారమ్మ మొగుడు అందరికన్నా ముందు చెయ్యి చాపడం చూసి వెనక్కొచ్చారు. ఎందుకు చాపాడో నాకూ, అక్కకూ తెలుసు.

పిల్ల బతికింది. మొహం మీద గుంటలు ఉండిపోయాయట, మా బావ ఒళ్లో కూర్చుని రంగూన్ కథలు చెప్పించుకుంటోందట. మొన్న నాగూరమ్మ గంప మా గుమ్మం ముందే దించి చెప్పింది.

నేను ఇల్లు చేరినరోజు మా ఇంటావిడ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. వేపనీళ్లు పోసి, అరుగు మీద కూర్చోబెట్టి, వీధిలో అందరి తలుపుల సందుల్లోంచీ కళ్లు కనబడుతుంటే, లోపలికి పోయి మూకుడు పెట్టింది. ఎప్పుడూ వేసేదానికి రెట్టింపు ఆవాలు వేసింది. చిటపటలు వీధి చివరికి వినబడ్డాయి. ఎదురింటివాళ్లు కుదుటపడి, బయటికొచ్చి ప్రయాణం ఎలా జరిగిందని పలకరించారు. నాకు మాత్రం బంగారమ్మ మూకుడు గుర్తొచ్చి, లేచి లోపలికి పోయి, గదులన్నీ ఒకసారి చూసొచ్చి కూర్చున్నాను.